కుదువ దుకాణంలో కొన్న కెమెరా

నమస్తే అందరికీ. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. కాజీపేటలో రైలు ఆగగానే టీ డబ్బాలు పట్టుకుని పరుగెత్తే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఫోటోగ్రాఫర్ గార్డన్ పార్క్స్ గుర్తొస్తాడు. ఈయన కూడా అమెరికాలో రైళ్లలో భోజనాలు వడ్డించిన మనిషే. ఒకరోజు ప్రయాణికుడెవరో వదిలేసిన మ్యాగజైన్‌లో, బతుకుదెరువు కోసం ఊళ్లు విడిచిపోతున్న కూలీల ఫోటోలు చూశాడు. తర్వాత సియాటెల్‌లో కుదువ దుకాణానికి వెళ్లి ఒక కెమెరా కొన్నాడు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. నేర్పిన గురువు లేడు.

1912లో కాన్సాస్‌లో పుట్టాడు, 15 మంది పిల్లల్లో చివరివాడు. తల్లి పోయాక అక్క ఇంటికి పంపితే, చలికాలంలో బావ బయటికి గెంటేశాడు. పియానో వాయించాడు, బాస్కెట్‌బాల్ ఆడాడు. తర్వాత లైఫ్ పత్రికలో చేరిన మొదటి నల్లజాతి స్టాఫ్ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నవలలు రాశాడు, సంగీతం కూర్చాడు, హాలీవుడ్‌లో సినిమాలు తీశాడు. 2006లో చనిపోయాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం 1942 నాటి సంగతి. వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఫోటో విభాగంలో కొత్తగా చేరాడు. పెద్దాయన రాయ్ స్ట్రైకర్, "కెమెరా ఇక్కడ పెట్టేసి ఊరు తిరిగి రా" అన్నాడు. బట్టల షాపులో, హోటల్లో, సినిమా హాల్లో నల్లవాడని పట్టించుకోలేదు. కోపంతో తిరిగొచ్చాడు. అప్పుడు స్ట్రైకర్, ఆఫీసు ఊడ్చే ఆమెతో మాట్లాడమన్నాడు. ఆమె పేరు ఎల్లా వాట్సన్. తండ్రిని మూక చంపేసిందని, భర్తను ఎవరో కాల్చేశారని ఆమె చెప్పినట్టు పార్క్స్ తర్వాత రాసుకున్నాడు. అవన్నీ విన్నాకే ఆమెను అమెరికా జెండా ముందు చీపురుతో నిలబెట్టి ఫోటో తీశాడు. అక్కడితో వదల్లేదు. కొన్ని వారాలపాటు ఆమె ఇంటికి, చర్చికి వెళ్తూనే ఉన్నాడు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేనూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణే, పెళ్లి ఫోటోలు తీస్తాను. ఒకసారి మేడారంలో, జంపన్నవాగు ఒడ్డున బంగారం, అంటే అమ్మవార్లకు మొక్కే బెల్లం బుట్ట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మను తీశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆమె పేరు, ఊరు నేను అడగలేదు. తీసి వెళ్లిపోయాను. అది నా తప్పే.

ఇప్పుడు పెళ్లికి వెళ్లినా మొదటి అరగంట కెమెరా సంచిలోనే ఉంటుంది. ఆ మధ్య పరకాల దగ్గర ఒక పెళ్లిలో, పెళ్లికూతురు నాయనమ్మ పక్కన కూర్చుని ముచ్చట పెట్టాను. కాసేపటికి ఆమె కొంగు ముడి విప్పి, అంచులు నలిగిన చిన్న ఫోటో తీసింది. చనిపోయిన పెనిమిటిది.

"తాత గూడ పెండ్లి ఫోటోల రావాలె బిడ్డా" అంది.

ఆ ఫోటో ఆమె చేతిలో ఉండగానే తీశాను.