టికెట్టు మీది టైము వేరు, గాల్లో గడిపే టైము వేరు

శ్రోతలందరికీ నమస్కారం. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ అనంతపురం నుంచి అమెరికాలో కూతురి దగ్గరికి బయలుదేరింది. విమానం ఎక్కడం అదే మొదలు. టికెట్టు నా చేతికిచ్చి, "చూడు నాయనా, మధ్యాహ్నం రెండున్నరకి బెంగళూరులో ఎక్కితే అదే రోజు సాయంత్రం ఐదుకి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతానంట, మన ఊరి నుంచి బెంగళూరు పోయేంత సేపు కూడా లేదే" అంది.

రెండున్నర గంటలు కాదు పెద్దమ్మా, పదహారు గంటలు అన్నాను. నమ్మలేదు.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది, ఎండాకాలంలో వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి పన్నెండున్నర. చలికాలం లెక్కన అక్కడ సాయంత్రం ఐదంటే మనకు మర్నాడు పొద్దున ఆరున్నర. ఇప్పుడు లెక్కపెట్టండి, పదహారు గంటలు!

ఈ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. ఒక గ్లోబు తీసుకుని బెంగళూరు దగ్గర దారం కొస పట్టుకుని, శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగి చూడండి, దారం పక్కకి పోదు, పైకెక్కి ఉత్తర ధ్రువం పక్కనుంచి అవతలికి దిగుతుంది. నాకైతే ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

2021 జనవరి 9న, శనివారం రాత్రి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటి నాన్‌స్టాప్ విమానం ఆ ధ్రువం దారినే వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో పాపగారి తన్మయి, ఆకాంక్ష, శివానీ. ఆ దారిలో బయట చలి ఎంత ఉంటుందంటే, రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే దాకా చల్లబడకుండా దాని ఉష్ణోగ్రతను పైలట్లు కనిపెట్టుకుని ఉండాలి. కింద మంచు, అవసరమైతే దిగడానికి విమానాశ్రయాలు కూడా తక్కువే. పదిహేడు గంటలకు పైగా ఎగిరి సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. శనివారం ఎక్కినవాళ్లు సోమవారం దిగారు, రెండు ఊళ్ల టైముల తేడా వల్లే అలా! ఆ నలుగురినీ తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

మళ్లీ మా పెద్దమ్మ దగ్గరికొస్తాను. ఆవిడకి షుగరు. టికెట్టు లెక్కనే నమ్ముకుని రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు కూడా పెద్ద పెట్టెలో సర్దేసింది. ఆ పెట్టె విమానం కడుపులోకి పోతుంది, దిగేదాకా చేతికి రాదు. అందుకే పెద్దవాళ్లను పంపేటప్పుడు రెండు టైములనూ మన టైములోకి మార్చి ఒక కాగితం మీద రాసివ్వండి. రెండున్నరకి ఎక్కడం, రాత్రి ఎనిమిదింటికి మాత్ర, పొద్దున ఆరున్నరకి దిగడం, ఇలాగన్నమాట. దిగాక అక్కడి టైముకి ఎలా మారాలో ముందే డాక్టరుని అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తప్పనిసరిగా అడగాలి.

మా పెద్దమ్మ పెట్టె మళ్లీ విప్పించి, మాత్రల డబ్బా, చీటీ రెండూ చేతిసంచిలో పెట్టాకే కారెక్కించాం.