కుద్రేముఖ్: గని మూసినా బురద మిగిలింది

అందరికీ నమస్కారం. ఈరోజు కర్ణాటకలోని కుద్రేముఖ్ ఇనుప గని గురించి చెప్తాను. సొరంగాల గని కాదు, కొండను నెత్తి మీంచి మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగిన ఓపెన్ కాస్ట్ గని.

1976లో కేంద్ర ప్రభుత్వం ఈ గని తవ్వే కంపెనీని పెట్టిందే ఇరాన్ కోసం. అప్పిచ్చింది వాళ్లే, ఖనిజం కొంటామన్నదీ వాళ్లే. 1979లో అక్కడ విప్లవం రావడంతో ఆ బేరం కాస్తా పోయింది, కంపెనీ వేరే దేశాల్లో కొనేవాళ్లను వెతుక్కుని నిలబడింది.

అక్కడి రాయి మాగ్నెటైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం, అందులో ఇనుము 38 శాతం దాకే ఉండేది. అందుకని దాన్ని పిండిలా నూరి, నీళ్లు కలిపి, అయస్కాంతాలతో నల్లపొడిని వేరుచేసి, 67 కిలోమీటర్ల పైపులో మంగళూరు రేవుకి తోసేవారు. చిన్నప్పుడు ఇసుకలో అయస్కాంతం దొర్లిస్తే నల్లటి రజను మీసాల్లా లేచి అంటుకునేది చూడండి, అదే పని. మరి అంటుకోనిది ఎటు పోవాలి? 67 శాతం ఇనుమున్న పొడి కావాలంటే ప్రతి 100 టన్నుల రాయిలో 40 టన్నులకు పైగా పారేయాల్సిందే, లెక్క వేసి చూసుకోండి. ఆ బురదంతా దాన్ని ఆపడానికి కట్టిన లక్యా డ్యామ్ వెనక చేరింది.

అదేమో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లు దాటి వాన కురిసే చోటు, పైగా భద్రా నది పుట్టే చోటు. తవ్వి వదిలిన మట్టి వానకి నదిలోకి దిగింది. ఆ భద్రే తుంగతో కలిసి తుంగభద్రగా కర్నూలు దాకా వస్తుంది! 1987లో చుట్టుపక్కల అడవిని నేషనల్ పార్క్ చేశారు, 1999లో లీజు గడువు అయిపోయింది, ఊరి జనం, పర్యావరణ కార్యకర్తలు పట్టు వదల్లేదు. 2002లో సుప్రీంకోర్టు 2005 ఆఖరు వరకే గడువిచ్చింది, ఆ డిసెంబరు 31తో తవ్వకం ఆగింది.

తీర్పు సరైందేనని నా అభిప్రాయం. కానీ గని మీదే బతికిన టౌన్‌షిప్ ఖాళీ అయిపోవడం తల్చుకుంటే బాధేస్తుంది, ఆ కార్మికులు చేసిన తప్పేమీ లేదు. గని తెరిచే రోజునే మూసే ప్లాను, దానికయ్యే డబ్బు పక్కన పెట్టి ఉండాల్సింది.

యంత్రాలు ఆగి ఇన్నేళ్లయినా ఆ బురద అక్కడే ఉంది, ప్రతి వర్షాకాలం ఎవరో ఒకరు వెళ్లి ఆ కట్టను చూసుకోవాల్సిందే.