అన్నం వాసన పర్ఫ్యూమ్‌లు: గంజి చీరా, కొబ్బరన్నమా?

(పొయ్యి మీద అన్నం గిన్నె. మూత తీయగానే ఆవిరి.)

"అన్నం వాసనకు పైసలు పెడ్తరా?" అని మా అమ్మ నవ్వింది. పెడతారమ్మా, వేలల్లో పెడతారు. ఇవిగో రెండు శాంపిల్ సీసాలు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఎవరైనా కొట్టుకోవచ్చు.

బాస్మతి ఉడుకుతుంటే పక్కింటి దాకా పోయే ఘుమఘుమ ఉంటుంది కదా, దానికి ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. పాప్‌కార్న్ కమ్మదనంలోనూ అదే ఉంటుంది. అయితే పర్ఫ్యూమ్‌లో బియ్యం నోట్ (నోట్ అంటే అందులో తెలిసే ఒక్కో వాసన) ఉందంటే బియ్యం నుంచే తీసి పోశారు అనుకోకండి. చాలావరకు వేరే దినుసులు కలిపి, ముక్కుకు అన్నం గుర్తొచ్చేలా చేస్తారు.

(మొదటి సీసా, ఎడమ మణికట్టు.)

ఎతా లిబ్ర్ దోరాంజ్ అనే ఫ్రెంచ్ కంపెనీ 2012లో తెచ్చిన 'ఫిస్ ద ద్యూ'. పేరుకు అర్థం దేవుడి కొడుకు. చేసింది రాల్ఫ్ ష్వీగర్. నిమ్మ, అల్లం, కొత్తిమీర, యాలకులు, దాల్చినచెక్క, కొబ్బరి... నోట్స్ చదువుతుంటే కిరాణా చీటీ చదివినట్టే ఉంది. కొట్టగానే నిమ్మ గుప్పుమంటుంది. వరంగల్ ఎండకు అది అరగంట కూడా నిలవలేదు. తర్వాత వెచ్చటి కొబ్బరన్నం, దాని అడుగున కొంచెం తోలు వాసన. ఆ తోలు నాకు నచ్చింది, అమ్మకు నచ్చలేదు.

(రెండో సీసా, కుడి మణికట్టు.)

డిప్టీక్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ల 'ల్యో పాపియే', 2023. చేసింది ఫాబ్రిస్ పెల్లెగ్రాఁ. కాగితం మీద సిరా అన్నది వాళ్ల ఊహ. అందుకోసం బియ్యపు ఆవిరి, నువ్వులు, మిమోసా పూలు, మస్క్ (కస్తూరి లాంటి వాసన) కలిపారు. నాకు మాత్రం కాగితం తట్టనే లేదు. అమ్మ చెయ్యి దగ్గరికి లాక్కుని వాసన చూసి, "గిది గంజి పెట్టిన చీర బిడ్డా" అంది. నిజమే! డాబా మీద కర్రలా బిగుసుకుపోయిన నేత చీర మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీ పెట్టె ఆనించగానే లేచే ఆవిరి. అచ్చం అదే. కాకపోతే పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియనంత మెల్లగా ఉంటుంది.

పెళ్లికో ఫంక్షన్‌కో అయితే మొదటిదే. ఆఫీసుకు, ఎండాకాలానికి నేను రెండోదే కొంటాను, ధర కాస్త దిగితే.

అమ్మ అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడి నుంచే కేకేసింది:

"గంజి పారబోయకు, నీలం చీర నానబెట్టాలె."