యాభై లీటర్ల ఐస్ బాక్స్: మార్చిలో నేను తిట్టినదాంట్లో సగం తప్పు

హలో అండీ, బాగున్నారా? మార్చిలో ఇదే బాక్స్‌ని, ఇదిగో ఈ నీలం డబ్బానే, ఇదే బల్ల మీద పెట్టి తిట్టాను, పాత వీడియో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2,500 రూపాయలు నీళ్లపాలు చేశానని అన్నాను. ఇవాళ ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా, మిగతా సగం మూత దగ్గరికి వచ్చాక చెప్తా.

అప్పుడేమైందంటే, బాపట్ల దగ్గర మా బాబాయి వాళ్ల సరుగుడు తోటలో రెండు రాత్రులు టెంట్ వేసుకుందామని పొద్దున్నే విజయవాడలో బయల్దేరాం. దారిలో 6 కేజీల ఐసు ముక్కలు కొన్నాను, కారు డిక్కీలో ముందురోజు నుంచీ పడున్న లీటరు నీళ్ల బాటిళ్లు 12 ఇందులో సర్దాను, కేజీన్నర చికెన్ కవర్‌తో సహా పడేశాను, పైన పాల ప్యాకెట్లు, పెరుగు. సాయంత్రం మూత తీస్తే ఐసు లేదు. ఎర్రటి నీళ్లు, ఆ నీళ్లలో పాల ప్యాకెట్లు తేలుతున్నాయి. చికెన్ కవర్‌కి ఎక్కడో చిన్న చిల్లు. మా బాబాయి తొంగి చూసి "ఏరా, చికెన్ చారు పెట్టావా?" అన్నాడు. మొత్తం పారబోశాం, ఆ రాత్రి ఆవకాయన్నమే గతి.

తప్పు బాక్స్‌దే అనుకున్నా. తర్వాత కూర్చుని లెక్క వేస్తే నా మొహం నాకే చూపించుకోబుద్ధి కాలేదు. కేజీ ఐసు కరుగుతూ లాక్కునే వేడి ఎంతంటే, లీటరు నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచేంత. అంటే 36 డిగ్రీలున్న ఒక్క లీటరు బాటిల్‌ని 4 డిగ్రీలకి తేవాలంటే 400 గ్రాముల ఐసు ఖర్చయిపోతుంది. 12 బాటిళ్లకి 4.8 కేజీలు! నేను పోసిందే ఆరు. మిగిలిన కేజీంబావు చికెన్‌ని, ఎండలో కాలిపోయిన డబ్బాని చల్లబరచడానికి సరిపోయింది, అదీ పొన్నూరు దాటకముందే అయిపోయి ఉంటుంది. ఇది ఫ్రిజ్ కాదండీ, దీనికి కరెంటు లేదు, మనం పెట్టిన చలిని పోకుండా పట్టుకోవడం ఒక్కటే దీని పని. నేను దాని నిండా వేడి పెట్టి చల్లగా లేదేంటని దాన్ని తిట్టాను.

అందుకే మళ్లీ అదే బాక్స్, అదే తోట, అవే రెండు రాత్రులు, కాకపోతే ఈసారి రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండంటారే, ఆ ఎండ. బెజవాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

రెండు రోజుల ముందే 8 బాటిళ్లు ఫ్రీజర్‌లో పెట్టాను. నిండా పట్టకండి, నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, మెడ దగ్గర నాలుగు వేళ్లంత ఖాళీ వదలండి. ఫ్రీజర్‌లో చోటు కోసం మా ఆవిడతో ఎంత బేరమాడానో అది ఇంకో వీడియో. బయల్దేరే ముందు రాత్రి రెండు గడ్డ బాటిళ్లు ఖాళీ బాక్స్‌లో పెట్టి మూతేసి హాల్లో ఉంచాను. డబ్బా గోడల్లోని వేడి వాటికి పోతుంది, పొద్దున అవి తీసేసి అసలు సరుకు పెట్టాను. చికెన్ మసాలా పట్టించి, క్లిప్పులున్న డబ్బాలో వేసి రాత్రంతా ఫ్రీజర్‌లోనే. అది గట్టిగా రాయిలా ఉంది, అది కూడా ఒక ఐసు గడ్డే అనుకోండి.

ఇంక ఐసు. ముక్కలు వద్దు. దిమ్మ కొనండి. ముక్కలకి చుట్టూ గాలి తగిలే చోటెక్కువ, గబగబా కరిగిపోతాయి, దిమ్మ అదే బరువైనా నిదానంగా కరుగుతుంది. 8 కేజీల ముక్క కొట్టించి మందపాటి ప్లాస్టిక్ కవర్‌లో కట్టేశాను, అది తాగే నీళ్ల ఐసు కాదు కాబట్టి కరిగిన నీళ్లు తిండికి తగలకూడదు. మా చిన్నప్పుడు ఐసు బండివాళ్లు దిమ్మ మీద రంపపు పొట్టు పోసి గోనె కప్పేవాళ్లు చూడండి, ఆ బుద్ధి మనకి ఈ డబ్బా కొన్నాక పోయింది.

సర్దడం ఇలా. అడుగున దిమ్మ, పక్కన చికెన్ డబ్బా, పచ్చి మాంసం ఎప్పుడూ కిందే, కారినా దేని మీదా పడదు. దాని మీద పాలు, పెరుగు, గుడ్లు డబ్బాలో. చల్లగాలి కిందకే దిగుతుంది కదా, అందుకని గడ్డ బాటిళ్లు సగం పక్కల్లో దూర్చి, సగం పైన పడుకోబెట్టాను. కొత్తిమీర మాత్రం ఐసుకి తగలనివ్వకండి, నల్లబడి జావ అయిపోతుంది, పేపర్లో చుట్టి అన్నిటికంటే పైన పెట్టండి. ఇంకా సందులు మిగిలితే పాత తువ్వాలు కుక్కండి, ఖాళీ ఉంటే మూత తీసిన ప్రతిసారీ అందులోకి వేడిగాలి వచ్చి కూర్చుంటుంది. పులిహోర, పచ్చళ్లు, టమాటాలు బయటే. పులిహోరకి ఐస్ బాక్స్‌లో చోటివ్వడం దండగ.

అన్నిటికంటే పనికొచ్చింది ఇంకోటుంది, రెండో డబ్బా. రొయ్యలు ప్యాక్ చేసే థర్మకోల్ డబ్బా ఉంటుంది కదా, అందులో తాగే నీళ్లు, సోడాలు పెట్టాను. దాహమేసిన ప్రతివాడూ దాన్నే తెరిచాడు, పిల్లలైతే పది నిమిషాలకోసారి. ఈ నీలం డబ్బా మాత్రం వంటప్పుడే, రోజుకి మూడుసార్లకి మించి తెరవలేదు. థర్మకోల్‌కి ఎంత కడిగినా రొయ్యల వాసన పోలేదు, అది వేరే సంగతి.

మా బావమరిది ఐసు మీద కల్లుప్పు చల్లమన్నాడు. కుల్ఫీ బండాయన చల్లుతాడు కదా అని. చలి సున్నా కిందకి దిగే మాట నిజమే, కానీ ఐసు ఇంకా తొందరగా కరుగుతుంది. కుల్ఫీ గట్టిపడ్డానికి మంచిదే, మనకి రెండు రోజులు నిలవాలి. వద్దన్నాను, అలిగాడు.

లోపల థర్మామీటర్ పెట్టాను. మొదటి రోజు రాత్రి పదింటికి 2 డిగ్రీలు. మర్నాడు పొద్దున 3 డిగ్రీలు. రెండో రోజు సాయంత్రం 5 డిగ్రీలు, అప్పటికి చికెన్ మొదటి రాత్రే అయిపోయింది, పాలు ఆ సాయంత్రం టీతో అయిపోయాయి. మూడో రోజు పొద్దున 8 చూపించింది, లోపల నిమ్మకాయలు, పుచ్చకాయ ముక్కలే ఉన్నాయి. 5 డిగ్రీలు దాటాక పాలు, మాంసం నేను నమ్మను, వాసన బాగానే ఉంది కదా అని మీరూ నమ్మకండి. కరిగిన నీళ్లు మాత్రం వెంటనే వంచేయకండి, వాటి చలి కూడా పనికొస్తుంది, డబ్బాలకి గట్టి మూతలుండాలి అంతే.

ఇప్పుడు వెనక్కి తీసుకోని సగం. ఈ మూత. పది రూపాయల నోటు మూత అంచులో పెట్టి మూసి లాగుతున్నా, చూడండి... ఈ పక్క బిగుసుకుంది. ఇటు మూల చూడండి, వెన్నలో వెంట్రుక లాగినట్టు వచ్చేసింది. అంటే ఇక్కడ రబ్బరు ఆనడం లేదు, చలి పోయేది ఇక్కడి నుంచే. కొనేటప్పుడు షాపులోనే నాలుగు మూలలా ఇలా లాగి చూడండి, షాపాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. కింద బిరడా కూడా బొట్టు బొట్టు కారుతుంది, రెండో రోజు ఆ తడి వెంట చీమలు బారు కట్టి టెంట్‌లోకి వచ్చాయి. చక్రాలు లేవు, నిండాక ఇద్దరు మోయాలి, మోసేది నేనూ అలిగిన బావమరిదీ.

ఇదే రేటుకి మూత బిగుతుగా ఉన్నది దొరికితే అదే కొనండి. నాకు ఇదే ఉంది కాబట్టి, మూత రబ్బరు కోసం రేపు వన్ టౌన్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్తున్నా, వేస్తే ఎంతయిందో కింద రాస్తాను.