డిక్కీ తలుపు, ఎపిసోడ్ 31: మూడో వరస సీటు

శ్రీను: నమస్కారమండీ. ఇవాళ పాత అమెరికన్ స్టేషన్ వాగన్లలో, అంటే వెనక డిక్కీ దాకా పైకప్పు ఉండే పొడుగు కార్లలో, మూడో వరస సీటు. బావా, ఒట్టు గుర్తుందిగా?

రమణ: ఉంది. ఆ క్లామ్‌షెల్ డిక్కీ తలుపు మాట ఎత్తను.

శ్రీను: చూద్దాం. క్రైస్లర్ వాళ్ళు 1957లో వెనక్కి తిరిగి కూర్చునే సీటు పెట్టారు. ఫోర్డ్‌ది 1965 నుంచి ఎదురెదురుగా రెండు చిన్న బెంచీలు, మన కమాండర్ జీపు వెనకాల లాగా.

రమణ: జీఎం, అదే జనరల్ మోటార్స్, పెద్ద వాగన్లలో మాత్రం 1971 నుంచి 76 దాకా ఆ సీటు ముందుకే చూస్తుంది. ఆ బళ్ళకే ఆ తలుపు...

శ్రీను: నిమిషం కాలేదు!

రమణ: అద్దం పైకప్పులోకి, కింది రేకు నేల కిందికి. గోడకి ఆనించి పెట్టినా తెరుచుకుంటుంది. ఇంక అనను.

శ్రీను: (నవ్వు) ఒక ప్రశ్న వచ్చింది. ఫోర్డ్ వాగన్ కంట్రీ స్క్వైర్‌కి పక్కల అంటించే చెక్క డిజైన్ వినైల్ ఫిల్మ్ మార్చాలట. సబ్బునీళ్ళతో అంటించాలా, పొడిగానా?

రమణ: సబ్బునీళ్ళే. లీటరుకి నాలుగైదు చుక్కల గిన్నెల సబ్బు.

శ్రీను: తప్పు. ఫిల్మ్ వెనక గాలి పోయే సన్నటి గాళ్ళుంటే పొడిగానే అంటించాలి. నీళ్ళు పోస్తే ఆ గాళ్ళు మూసుకుపోతాయి, జిగురు పట్టదు.

రమణ: నున్నటి జిగురున్న ఫిల్మ్ పొడిగా పెట్టి చూడు. పెట్టినచోటే కరుచుకుంటుంది. మళ్ళీ జరపలేవు.

శ్రీను: అంటే ముందు ఫిల్మ్ తిరగేసి చూడాలన్నమాట. ఇది మొదటే చెప్పొచ్చుగా!

రమణ: నువ్వు తప్పు అన్నావు కాబట్టి చెప్పలేదు. ఇంకోటి, ఇంటి గోడలకి వాడే రకం కొనొద్దు. బయట ఎండకి ఆగే రకమని రాసుంటేనే తీసుకోవాలి.

శ్రీను: పాతది తీయడమో?

రమణ: ముందు చుట్టూ ఉన్న లేత రంగు పట్టీలు విప్పాలి. కొన్నిటి నట్లు లోపలివైపు ఉంటాయి, డోర్ ప్యాడ్ ఊడదీయక తప్పదు. తర్వాత హీట్ గన్, ప్లాస్టిక్ గీకుడుబిళ్ళ. ఎండకి పెళుసెక్కిన వినైల్ అప్పడంలా ముక్కలవుతుంది. ఓపిక పట్టాలి.

శ్రీను: పట్టీల స్టడ్‌లు దిగిన బెజ్జాలు చూడండి. అసలు తుప్పు అక్కడే, పట్టీ వెనక నీళ్ళు నిలిచి. దాన్ని గోకి, పుట్టీ పెట్టి, మీద తప్పకుండా పెయింట్ వెయ్యాలి. ఒట్టి పుట్టీ మీద ఫిల్మ్ నిలవదు.

రమణ: పెయింట్ వేసిన మర్నాడే అంటించారో, లోపలి ఆవిరికి బుడగలు లేస్తాయి. నెల ఆగితే నిశ్చింత.

శ్రీను: తర్వాత?

రమణ: మాస్కింగ్ టేపుతో ముందు ఫెండర్ నుంచి వెనకదాకా ఒకే గీత పెట్టుకోండి. డోర్ మీద చెక్క గీతలు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఎంత ఖరీదైన ఫిల్మైనా దండగే. సాగదీయొద్దు, గీతలు వంకర పోతాయి. నడుమ నుంచి అంచులకి తుడవాలి. డోర్ అంచు చుట్టూ సెంటీమీటరు మడిచి వేడి చూపించాలి.

శ్రీను: బుడగ మిగిలితే?

రమణ: సూదితో పొడిచి నొక్కు. బ్లేడు పెట్టకు.

శ్రీను: 1950, 51 కంట్రీ స్క్వైర్‌కి ఈ బాధ లేదు, నిజం చెక్కే.

రమణ: దానికి వార్నిష్ బాధ. ఆ తలుపుకైతే ఏ చెక్కా...

శ్రీను: బావా!

రమణ: ఒక్క మాట. అది దిగే గూట్లో మట్టి చేరి, తడి ఆరక పట్టాలు తుప్పు పడతాయి. కొనేముందు టార్చి వేసి చూడండి. చివరిదాకా తెరిచి, మూసి చూడండి. మధ్యలో ఆగితే బేరం ఆపండి.

శ్రీను: సరే, సీటు. ఇది నవ్వులాట కాదు. వెనక అద్దం తెరిచి నడపొద్దు. బండి వెనకాల గాలి పీడనం తగ్గి, సైలెన్సర్ పొగ లోపలికి లాగేస్తుంది. ఆ మూడో వరసలో కూర్చునేది పిల్లలు.

రమణ: కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. అద్దం మూసినా, వెనక తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండి పగిలితే అంతే. నోటుని మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి, జారి వచ్చేస్తే బీడింగ్ మార్చాలి. సైలెన్సర్ జాయింట్లు కూడా...

శ్రీను: మార్చేదాకా పిల్లల్ని మధ్య సీట్లోనే.

రమణ: అవును. ఇందాకటి సబ్బునీళ్ళ సంగతి, నున్నటి జిగురైతే నేను చెప్పిందే కదా?

శ్రీను: రికార్డింగ్ ఆపెయ్ బావా.