సోమర్‌విల్ పిల్లల బరువు: ఊరంతా కలిసి ఏం చేసింది?

(దృశ్యం: సాయంత్రం స్కూల్ వదిలే వేళ. గేటు పక్కనే చిప్స్ ప్యాకెట్ల దండలు వేలాడుతున్న కొట్టు. పిల్లలు గుంపుగా అటే వెళ్తున్నారు.)

నమస్తే అండి. పిల్లాడు కాస్త లావెక్కితే మన ఇళ్లలో ముందుగా తిట్లు పడేది వాడికే. "పొద్దస్తమానం ఆ ఫోనూ, ఆ చిప్సూ!" ఆ తర్వాత వంతు వాళ్లమ్మది. స్కూల్ క్యాంటీన్‌నీ, గేటు పక్క కొట్టునీ, బంతాటకి కూడా జాగా లేని వీధినీ ఎవరూ ఏమీ అనరు. ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఒక ఊరు ఇవన్నీ సరిచేద్దామని పూనుకుంది. ఈ వీడియో ఆ ఊరి గురించే.

(దృశ్యం: మ్యాప్. బోస్టన్, దాన్ని ఆనుకుని సోమర్‌విల్.)

మసాచుసెట్స్‌లో సోమర్‌విల్. నాలుగు చదరపు మైళ్ల జాగాలో 75 వేల మందికి పైగా జనం. బ్రెజిల్ నుంచీ, హైతీ నుంచీ, మధ్య అమెరికా దేశాల నుంచీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లల బరువు, ఎత్తు కొలిచి చూస్తే వందలో 40 మందికి పైగా అధిక బరువుతోనో, దాని అంచునో ఉన్నారు.

అక్కడి టఫ్ట్స్ యూనివర్సిటీలో క్రిస్టినా ఎకనామోస్ అనే పోషకాహార పరిశోధకురాలు 2002లో ఊరివాళ్లతో కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. పేరు 'షేప్ అప్ సోమర్‌విల్'.

(దృశ్యం: స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో 125.)

ఈ అంకె గుర్తుపెట్టుకోండి. రోజుకి 125 కేలరీలు. పిల్లలు తినేదీ, ఆటల్లో ఖర్చు చేసేదీ కలిపి లెక్క వేస్తే రోజూ ఇంత తేడా తేగలిగితే చాలని వాళ్లు అనుకున్నారు. మన లెక్కలో చెప్పాలంటే 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ఒకటి. అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. పెద్దవాళ్లకి చెప్పే డైటింగ్ పిల్లల మీద పెట్టకండి. ఎదిగే పిల్లలు బరువు పెరగాలి, ఎత్తుతో పాటు పెరగాలి. ఆ పెరుగుదల హద్దు దాటకుండా చూసుకోవడమే మన పని. అందుకే సోమర్‌విల్‌లో ఏ పిల్లాడినీ పక్కకి తీసి "నువ్వు లావు" అనలేదు. అందరికీ ఒకే మార్పు.

(దృశ్యం: స్కూల్ భోజనాల హాలు. ట్రేలలో తరిగిన పండ్లు, కూరగాయలు.)

ముందు స్కూల్ వంటగది. వంట చేసే సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చారు, కావలసిన సామాన్లు కొనిచ్చారు. నెలకో పండునో, కూరగాయనో తీసుకుని పిల్లలకి రుచి చూపించేవాళ్లు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కొత్త కూర కంచంలో వేసి "తిను" అంటే ఏ పిల్లాడు తింటాడు? ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, పక్కవాడి మొహం చూసి, వాడు ఇంకో ముక్క తీసుకుంటే తనూ తీసుకుంటాడు. ఆ పని ఇంట్లో అమ్మ ఒక్కతీ చేయలేదు. యాభై మంది కలిసి తినే చోటే జరుగుతుంది.

ఆ తర్వాత రోడ్డు. పిల్లలు నడిచి బడికి వెళ్లాలంటే అమ్మానాన్నలకి ధైర్యం ఉండాలి కదా. వెలిసిపోయిన జీబ్రా గీతలకి మళ్లీ రంగులు వేశారు. 'వాకింగ్ స్కూల్ బస్' పెట్టారు: పెద్దవాళ్లు తోడుగా ఒక దారి వెంట నడుస్తూ ఇంటింటి దగ్గరా పిల్లల్ని కలుపుకుంటూ బడికి చేరుస్తారు. నిజం బస్సేమీ ఉండదు, డీజిల్ ఖర్చూ ఉండదు.

హోటళ్లనీ వదల్లేదు. చిన్న ప్లేటు కూడా అమ్మాలి, పక్కన పండో కూరగాయో దొరకాలి, కొవ్వు తక్కువున్న పాలు, పెరుగు ఉండాలి. ఒప్పుకున్న హోటల్‌కి ప్రాజెక్ట్ గుర్తింపు. స్కూల్ నర్సులు, డాక్టర్లు, సాయంత్రం క్లాసులు చెప్పేవాళ్లు, అందరూ కలిశారు. ఇళ్లకి పంపే సమాచారం పోర్చుగీసు, స్పానిష్, హైతీ క్రియోల్ భాషల్లో కూడా వెళ్లింది.

(దృశ్యం: రెండు గీతల గ్రాఫ్.)

మరి ఫలితం? అదే రాష్ట్రంలో ఇలాంటివే మరో రెండు ఊళ్ల పిల్లలతో పోల్చి చూశారు. 2007లో మొదటి ఏడాది ఫలితాలు అచ్చయ్యాయి. ఎనిమిదేళ్ల పిల్లాడు ఒక విద్యా సంవత్సరంలో పెరగబోయే బరువులో సుమారు ఒక పౌండు తగ్గింది. అంటే 450 గ్రాములు.

"ఇంతేనా?" అంటారేమో. ఒక్క పిల్లాడికైతే చిన్నదే. కానీ ఇది కొలతలు తీసిన పిల్లల సగటు, అదీ ఎవర్నీ ఆకలితో మాడ్చకుండా. అయితే చీటీలు తీసి ఊళ్లని ఎంచిన పరీక్ష కాదిది, మూడే ఊళ్లు, కాబట్టి దీన్నే ఆఖరి మాట అనుకోకూడదు.

నాకు ఇంకా ముఖ్యం అనిపించింది ఆ తర్వాతి కథ. మామూలుగా గ్రాంట్ అయిపోతే ప్రాజెక్ట్ కూడా అయిపోతుంది. ఇక్కడ 2004లో మేయర్ అయిన జోసెఫ్ కర్టటోన్ దీన్ని నగర పాలనలో భాగం చేశారు. పరిశోధన ముగిసినా పని ఆగలేదు. 2010 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా పిల్లల్లో ఊబకాయం తగ్గించడానికి 'లెట్స్ మూవ్' అనే కార్యక్రమం ప్రారంభించినప్పుడు ఆ వేదిక మీద ఆయన కూడా మాట్లాడారు.

(దృశ్యం: మళ్లీ మన స్కూల్ గేటు.)

మన దగ్గర సంగతి ఇంకాస్త చిక్కు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో అధిక బరువున్నవాళ్లు 3.4 శాతం, అంతకుముందు 2.1. ఒకే వీధిలో రెండూ ఉన్నాయి. "తక్కువ తినండి" అనే సలహా ఇక్కడ ఎంతోమందికి హాని చేస్తుంది. మంచి భోజనం, ఆడుకునే జాగా మాత్రం ఇద్దరికీ కావాలి.

ఇందులో ఒకదానికి చట్టం ఇప్పటికే ఉంది. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో పెట్టిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి స్కూల్ ఆవరణలోనూ, చుట్టూ 50 మీటర్లలోనూ పిల్లలకి అమ్మకూడదు. ఆ సంగతి గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టాల్సిన బాధ్యత స్కూల్‌దే. రేపు పిల్లల్ని దింపేటప్పుడు చూడండి, ఆ బోర్డు ఉందా అని. లేకపోతే ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి ఎత్తే ముందు ఈ సంగతి ఎత్తండి. ఒక్కరే అడిగితే "చూద్దాంలెండి" అంటారు, కాబట్టి పక్కింటివాళ్లని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.