జమైకా రాస్తాఫారీలు, వారి మూలికలు

సభకు నమస్కారం.

1930లో హైలే సెలాసీ ఇథియోపియా చక్రవర్తి అయిన తరువాత ఆయనను దైవంగా కొలుస్తూ జమైకాలో రూపుదిద్దుకున్న రాస్తాఫారీ మతంలో వైద్యం, భోజనం వేరువేరు కావు. ‘ఐటల్’ అని వారు పిలిచే ఆహార నియమంలో నిష్ఠాపరులు మాంసాన్నీ ఉప్పునూ విడిచిపెడతారు. నేల ఇచ్చిన ఆకూ వేరూ దేహాన్ని నిలబెడతాయని నమ్ముతారు. ఈ జ్ఞానం వారితో మొదలైనది కాదు. చెరకు తోటల్లో బానిసలుగా మగ్గిన ఆఫ్రికన్ల నుంచి, ఊళ్ళలోని ముసలమ్మల నుంచి వచ్చిన దానిని రాస్తాలు గౌరవంతో చేపట్టి కాపాడుకున్నారు.

ఆ మూలికల్లో కొన్ని మనకు పరిచితమైనవే. ‘సెరసీ’ పేరిట అక్కడ కాచి తాగే చేదు తీగ మన కాకరే. గంజాయి 1845 నుంచి తోట పనులకు వెళ్ళిన భారతీయ కూలీల వెంట ఆ దీవికి చేరిందని చరిత్రకారులు చెబుతారు.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బిళ్ళగన్నేరు. మడగాస్కర్‌లో పుట్టిన ఈ మొక్క ఆకుల కషాయాన్ని జమైకా ప్రజలు మధుమేహానికి తాగేవారు. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడా వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు అందగా, ఆయన వాటిని పరిశోధకుడైన సోదరుడు రాబర్ట్‌కు పంపారు. ప్రయోగంలో ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు గానీ తెల్లకణాలు బాగా తగ్గాయి. ఆ జాడ పట్టుకుని రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ వేరుచేసిన విన్‌బ్లాస్టిన్ అనే మందు 1958లో లోకానికి తెలిసింది. హాడ్జ్‌కిన్ వ్యాధి వంటి క్యాన్సర్లకు దానిని నేటికీ వాడుతున్నారు. వారి శ్రమ గొప్పది. అయినా ఆ ఆకును తరతరాలుగా కాచినవారి పేర్లు మనకు దక్కకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. మరొక మాట: తెల్లకణాలను తగ్గించగల ఆకును ఎవరికి వారు కాచుకుని తాగడం ప్రమాదకరం. మూలికకు శక్తి ఉన్నదని నమ్మేవారే పరీక్షను ముందుగా కోరాలి.

గంజాయి చరిత్ర ఇంకా కఠినమైనది. రాస్తాఫారీ తొలి బోధకుల్లో ఒకరైన లియోనార్డ్ హోవెల్ 1940లో స్థాపించిన, గంజాయి పండించిన పినకిల్ అనే రాస్తా సముదాయాన్ని పోలీసులు 1954లో ధ్వంసం చేశారు. అదే మొక్క నుంచి మ్యాన్లీ వెస్ట్, ఆల్బర్ట్ లాక్‌హార్ట్ అనే జమైకా శాస్త్రజ్ఞులు చూపును దెబ్బతీసే గ్లాకోమా అనే కంటి జబ్బుకు ‘క్యానసాల్’ అనే కంటి చుక్కలు తయారుచేశారు. 1981లో మరణించిన హోవెల్ చూడలేకపోయిన మార్పు 2015లో వచ్చింది: రెండు ఔన్సుల వరకు దగ్గర ఉంచుకున్నవారిని అరెస్టు చేయరాదనీ, రాస్తాఫారీలు తమ ఆరాధనలో దానిని వాడుకోవచ్చుననీ జమైకా చట్టం అంగీకరించింది.